పాత కారులో ఇంజన్ లైటు వెలిగిందా? సామాను కొనేముందు ఇవి చూసుకోండి

చిత్తూరు డిపోలో బస్సుల వైరింగ్ చూసి రిటైరైనవాణ్ణి నేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో బస్సులో కంప్యూటరనే మాటే లేదు. టెస్ట్ ల్యాంపు, మీటరు, చెవి, ముక్కు, ఇంతే మా సరంజామా. ఇప్పుడు మా వీధిలో ఎవరి కారులో ఇంజన్ బొమ్మ లైటు వెలిగినా బండి మా గేటు ముందు ఆగుతుంది. దిగీ దిగగానే "మామా, సెన్సరు మార్చినా లైటు పోలేదు" అంటారు. ఎందుకు మార్చినావు నాయనా అంటే "కోడు అదే చూపించింది కదా" అంటారు.

గొడవంతా అక్కడే ఉంది. డిపోలో డ్రైవరు బండి దింపి, పుస్తకంలో "పికప్ లేదు" అని రాసి ఇంటికి పోయేవాడు. ఆ ముక్క చూసి ఎవరూ ఇంజను దించరు. డీజిల్ ఫిల్టరు మూసుకుందా, ఎయిర్ క్లీనరు దుమ్ము పట్టిందా, బ్రేకు పట్టేసి చక్రం బిగుసుకుందా అని వరసగా చూస్తారు. కోడు, అంటే తప్పు నంబరు, కూడా అట్లాంటి రాతే, కాకపోతే రాసింది ఈసీఎం, అంటే ఇంజనును నడిపే కంప్యూటరు. పి0135 అని వచ్చిందనుకోండి. సైలెన్సరు పైపులో ఆక్సిజన్ ఎంతుందో చూసే ముందువైపు ఆక్సిజన్ సెన్సరులోని హీటరుకు కరెంటు సరిగా పారడం లేదని దాని అర్థం. హీటరు కాలి ఉండొచ్చు, ఫ్యూజు పోయి ఉండొచ్చు, సైలెన్సరు వేడికి వైరు కరిగి ఉండొచ్చు, ఎలుక కొరికి ఉండొచ్చు. నాలుగింటికీ కోడు ఒకటే. సెన్సరు ఖరీదు వేలల్లో, ఫ్యూజు ఖరీదు పది రూపాయలు. ఏది ముందు చూడాలో మీరే చెప్పండి.

లైటు ఎట్లా వెలుగుతోంది?

తాళం తిప్పగానే, ఇంజను స్టార్ట్ చేయకముందు, ఆ పసుపు లైటు వెలగాలి. స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగనే వెలగకపోతే సంతోషించకండి. బల్బు పోయుంటుంది, లేదా మీకు బండి అమ్మినవాళ్ళు పీకేసి ఉంటారు. సెకండ్ హ్యాండ్ బండి చూడబోతే నేను సీటు కవర్లు చూడను, ముందు తాళం తిప్పి ఈ లైటు చూస్తాను.

లైటు నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగా నడుస్తుంటే ఊరు చేరి తీరిగ్గా చూసుకోవచ్చు. కొట్టుకుంటూ వెలుగుతుంటే మాత్రం యాక్సిలరేటర్ వదిలి పక్కకు తీయండి. ఏదో సిలిండరు గట్టిగా మిస్సింగ్ కొడుతోందని, కాలని పెట్రోలు సైలెన్సరులోకి పోతోందని అది చెబుతోంది. ఆ పెట్రోలు పొగను శుభ్రం చేసే డబ్బాలో, అంటే క్యాట్‌కాన్‌లో, మండితే లోపలి జల్లెడ కరిగిపోతుంది. వందల రూపాయల ప్లగ్గుతో పోయే పని వేలకు వేలు అవుతుంది. అలిపిరి దగ్గర లైటు కొట్టుకుంటుంటే "ఎట్లాగోట్ల కొండ ఎక్కేద్దాం" అనుకోవద్దు. కారు కింద పెట్టి బస్సెక్కండి. ఇది రిటైరైన బస్సువాడి పక్షపాతం అనుకున్నా పర్వాలేదు.

ఎర్ర లైట్ల సంగతి వేరే. ఆయిలు లైటు, వేడి లైటు ఎర్రగా వెలిగితే కోడు చదవడాలేమీ లేవు, అప్పటికప్పుడు ఇంజను ఆపడమే.

కోడు చదవడం

బండి తన తప్పులను తానే కనిపెట్టి కోడుగా రాసుకునే ఓబీడీ పద్ధతి మన దేశంలో 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 (పొగ నిబంధనల్లో ఒక మెట్టు) బండ్లతో మొదలైంది. రెండో దశ 2013 ఏప్రిల్‌లో వచ్చింది. బీఎస్-4 దేశమంతటా తప్పనిసరి అయ్యేసరికి 2017 ఏప్రిల్. అందుకని 2006, 2008 నాటి బండ్లలో స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉన్నా, అది మీ ఫోన్‌తో మాట్లాడుతుందని నమ్మకం లేదు. కంపెనీ సొంత స్కానరుకు తప్ప లొంగని బండ్లున్నాయి. 2010 తర్వాతి చిన్న కార్లు చాలావరకు ఆ సాకెట్‌లో గుచ్చితే కోడును ఫోనుకు పంపే మామూలు బ్లూటూత్ అడాప్టరుకు పలుకుతాయి.

అడాప్టరు అంటే ఈఎల్‌ఎమ్ 327 అనే చిప్పు పేరుతో అమ్మేవి. అసలు చిప్పు కెనడా కంపెనీది, మనకు చవగ్గా దొరికేవి ఎక్కువగా నకళ్ళు. ఈసీఎం మాట్లాడే తీగ కొత్త బండ్లలో క్యాన్ లైను, పాత బండ్లలో కె-లైను. వాటిలో కొన్ని అడాప్టర్లు క్యాన్ లైనుతో బాగానే మాట్లాడతాయి కానీ కె-లైను దగ్గర మూగబోతాయి. కొనేటప్పుడు పాత బండి పేరు, సంవత్సరం చెప్పి, పనిచేయకపోతే వాపసు తీసుకునే చోటే కొనండి. ఫోనులో టార్క్, కార్ స్కానర్ లాంటి యాప్ ఏదైనా చాలు.

అడాప్టరు గుచ్చినా దాని లైటే వెలగకపోతే మీటరు తీయండి. సాకెట్‌లో 16వ పిన్ను బ్యాటరీ ప్లస్, 4, 5 పిన్నులు ఎర్త్. 16కీ 4కీ మధ్య 12 వోల్టులు రాకపోతే ముందు ఫ్యూజు చూడండి. చాలా బండ్లలో ఆ ఫ్యూజు ఇంకో దాంతో ఉమ్మడిగా ఉంటుంది. "హారను కూడా పనిచేయడం లేదు మామా" అని ఎవరైనా చెబితే నేను నేరుగా ఫ్యూజు డబ్బా దగ్గరికే పోతాను. అడాప్టరు లైటు వెలిగి, యాప్ కలవకపోతే 7వ పిన్ను మీద నడిచే కె-లైను బండి అయి ఉండొచ్చు. వేరే అడాప్టరుతో చూడాలి.

కోడు కనిపించగానే చేసే మొదటి పని ఫోటో. చెరపడం కాదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా సరిపోదు. కోడుతో పాటు ఈసీఎం ఆ క్షణాన బండి ఎట్లా ఉందో కూడా రాసిపెట్టుకుంటుంది, ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. ఇంజను ఎన్ని ఆర్‌పీఎం మీద ఉంది, కూలెంట్ ఎంత వేడి, ఎంత లోడు, బండి ఎంత స్పీడు, అన్నీ ఉంటాయి. లోడు 85 శాతం, స్పీడు 25, కూలెంట్ 95 డిగ్రీలు అని ఉందంటే బండి ఎత్తు ఎక్కుతూ ఉండగా తప్పు జరిగిందన్నమాట. కూలెంట్ 31 డిగ్రీలు, స్పీడు సున్నా అంటే పొద్దున్నే స్టార్ట్ చేసిన వెంటనే. ఈ రెండు బండ్లకూ వైద్యం ఒకటి కాదు. కోడు చెరిపినా, బ్యాటరీ తీగ పీకినా ఈ సమాచారమంతా పోతుంది. కొన్ని షెడ్లలో బండి లోపలికి పోగానే చెరిపేసి "క్లియర్ చేసినాం సార్, మళ్ళీ వస్తే రండి" అంటారు. చెరపక ముందు రాసివ్వమని గట్టిగా అడగండి.

పెండింగ్ కోడు అని ఉంటే తప్పు ఒకసారి కనిపించింది, ఇంకా ఖాయం కాలేదు అని. ఎక్కువ కోడ్లు రెండు ప్రయాణాల్లో వరసగా కనబడితేనే లైటు వెలుగుతుంది.

కోడులో ఏముంది

పి అంటే ఇంజన్, గేరు వైపు. తర్వాతి అంకె సున్నా అయితే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం, 1 అయితే కంపెనీ సొంత కోడు. పి1 తో మొదలైన దానికి ఇంకో కంపెనీ బండి అర్థం చూసి గాభరా పడకండి. మూడో స్థానంలో 1, 2 ఉంటే గాలి, పెట్రోలు లెక్క. 3 అయితే మంట, మిస్సింగ్. 4 అయితే పొగ నియంత్రణ. 5 అయితే ఐడిలింగ్, స్పీడు. 6 అయితే ఈసీఎం వైపు. 7 అయితే గేర్‌బాక్సు. ఇంతకు మించి బట్టీ పట్టనక్కర్లేదు.

ఒకేసారి నాలుగైదు కోడ్లు సంబంధం లేకుండా కనిపిస్తే ఏ సెన్సరునూ ముట్టుకోకండి. బ్యాటరీ చూడండి. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. ఇంజను నడుస్తుంటే డైనమో 13.8 నుంచి 14.5 దాకా ఇవ్వాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే దిగకూడదు. టెర్మినల్ మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుని ఉంటే తీగలు విప్పి వేడినీళ్ళు పోసి తోమండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. తర్వాత ఇంజను నుంచి బాడీకి పోయే ఎర్త్ తీగ చూడండి. పాత బండి రోగాల్లో సగం ఎర్త్‌వే.

మిస్సింగ్ కోడ్లు

పి0300 అంటే ఏ సిలిండరో తేలలేదు. పి0301, 0302, 0303 అంటే ఆ నంబరు సిలిండరు. మామూలుగా అడ్డంగా కూర్చున్న చిన్న ఇంజన్లలో బెల్టు వైపుది ఒకటో నంబరు.

2010 తర్వాతి మూడు సిలిండర్ల వ్యాగన్‌ఆర్, ఆల్టో కె10 లాంటి బండ్లలో ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిలు ఉంటుంది. పి0302 వచ్చిందా? రెండో కాయిలు తీసి మూడో దాని మీద, మూడోది తీసి రెండో దాని మీద పెట్టండి. కోడు చెరిపి (ఇప్పుడు చెరపొచ్చు, ఫోటో ఉంది కదా) కొంత దూరం నడపండి. పి0303 వస్తే కాయిలు దొంగ. మళ్ళీ పి0302 వస్తే కాయిలు మంచిదే, ఈసారి ప్లగ్గులు మార్చి చూడండి. అదీ కాకపోతే ఇంజెక్టరు, ఆ తర్వాత కంప్రెషను. పైసా ఖర్చు లేదు, ఒక్క స్పానరు చాలు. ఇంజను చల్లారాకే చేయండి, ప్లగ్గు వేడిగా ఉండగా విప్పితే అల్యూమినియం హెడ్డులో మర పోతుంది.

కాయిలు ఎత్తినప్పుడు గొట్టం అడుగున ఆయిలు కనిపిస్తే పైన హెడ్ కవర్ ప్యాకింగ్ లీకవుతోంది. ఆ ఆయిలే కాయిలు రబ్బరును తింటుంది. కొత్త కాయిలు వేసి ప్యాకింగ్ వదిలేస్తే మళ్ళీ అదే పని.

గ్యాస్ కిట్ ఉన్న బండి అయితే ముందు పెట్రోలు మీద నడిపి చూడండి. పెట్రోలు మీద శుభ్రంగా నడిస్తే గొడవ కిట్టుది.

సెన్సరు పోయిందా, వైరు పోయిందా?

దీనికి మీటరు కావాలి. మూడు నాలుగు వందలకు దొరికే డిజిటల్ మీటరు చాలు. నా ప్రాణమైన టెస్ట్ ల్యాంపు ఇక్కడ పనికిరాదు. ఆ బల్బు లాగే కరెంటుకు ఈసీఎం లోపలి సర్క్యూటే పోవచ్చు.

కూలెంట్ సెన్సరు సంగతి చెబుతాను, మిగతావాటికీ ఇదే దారి. పి0118 వస్తే ఆ సర్క్యూట్లో వోల్టేజి ఎక్కువగా ఉందని. అంటే ఎక్కడో తీగ తెగింది, లేదా కప్లరు (సెన్సరుకు తీగలు తగిలించే జాయింటు) ఊడింది, లేదా సెన్సరు లోపల తెగింది. యాప్‌లో లైవ్ డేటా తెరిస్తే కూలెంట్ మైనస్ 40 డిగ్రీలని చూపిస్తుంది. చిత్తూరులో మైనస్ 40 ఏమిటని నవ్వకండి, తీగ తెగినప్పుడు ఈసీఎంకు కనబడేది అదే. ఇప్పుడు తాళం ఆన్‌లో పెట్టి, సెన్సరు కప్లరు విప్పి, కప్లరులోని రెండు పిన్నులనూ చిన్న తీగతో కలపండి. యాప్‌లో వేడి ఒక్కసారిగా 120, 130 దాటి ఎగిరిందా? అయితే వైర్లూ మంచివే, ఈసీఎమూ మంచిదే. సెన్సరే పోయింది, ధైర్యంగా కొనండి. మైనస్ 40 దగ్గరే కదలకుండా ఉందా? కొత్త సెన్సరు వేసినా లాభం లేదు, తీగ వెంబడి పోవాలి. పి0117 అయితే తిరగేసి చూడాలి: కప్లరు విప్పగానే మైనస్ 40కి పడితే సెన్సరు షార్టు, పడకపోతే వైరు షార్టు. ఈ తీగ కలిపే ఆట రెండు వైర్ల వేడి సెన్సర్లతోనే ఆడండి. గాలి ఒత్తిడి చూసే మ్యాప్, త్రాటిల్ లాంటి మూడు వైర్ల సెన్సర్లతో వద్దు. వాటిలో ఒకటి 5 వోల్టుల సరఫరా, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నలు. తాళం ఆన్‌లో పెట్టి కప్లరు వెనక నుంచి సూదితో 5 వోల్టులు, ఎర్త్ వస్తున్నాయో లేదో చూడండి. ఈ రెండూ రాకుంటే సెన్సరుది తప్పు కాదు.

తీగ వెంబడి పోవడమంటే మన దగ్గర ముప్పాతిక వంతు ఎలుక వెంబడి పోవడమే. బండి మామిడితోటలోనో చెట్టు కిందో ఆపితే ఇంజను వెచ్చదనానికి చేరతాయి. బ్యాటరీ కింద, ఎయిర్ ఫిల్టర్ డబ్బా వెనక, రెట్టలు, కొరికిన రబ్బరు పొట్టు కోసం టార్చి వేసి చూడండి. తెగిన తీగను మెలితిప్పి టేపు చుడితే వానాకాలం దాకే ఆగుతుంది. సోల్డరు వేసి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి.

మ్యాప్ సెన్సరుకు కొండే కొలబద్ద

చిన్న పెట్రోలు బండ్లు చాలావాటిలో గాలిని నేరుగా కొలిచే సెన్సరు ఉండదు, ఇన్‌టేక్‌లో, అంటే ఇంజనులోకి గాలి పోయే దారిలో, ఒత్తిడి చూసే మ్యాప్ సెన్సరు ఉంటుంది. ఇంజను ఆపి, తాళం మాత్రం ఆన్ చేస్తే అది బయటి గాలి ఒత్తిడినే చూపించాలి. తిరుపతిలో సుమారు 99 కిలోపాస్కల్, చిత్తూరులో 97, తిరుమల మీద 91, 92. ఒకటి రెండు అటూ ఇటూ అయితే పర్వాలేదు. తిరుపతిలో నిలబడి 85 చూపిస్తుంటే సెన్సరుకు మతి పోయింది. స్టార్ట్ చేసి ఏసీ ఆపి ఐడిలింగ్‌లో పెడితే 30, 40 మధ్యకు దిగాలి.

దీనివల్ల ఇంకో సంగతి. గాలికి తగ్గ పెట్రోలు లేదని చెప్పే కోడు పి0171. "పి0171 అంటే గాలి లీకు" అని ఎక్కడ చూసినా రాస్తారు. గాలి కొలిచే సెన్సరు ఉన్న బండికి అది నిజం. మ్యాప్ బండిలో గొట్టం చిరిగితే ఒత్తిడి పెరుగుతుంది, ఆ మేరకు ఈసీఎం పెట్రోలు కూడా పెంచుతుంది, అందుకని ముందు ఐడిలింగ్ పెరుగుతుంది. బండి 1,200 మీద కూర్చుని దిగనంటుంటే గొట్టాలు ఒక్కొక్కటే నోస్‌ప్లయర్‌తో మెల్లగా నొక్కండి. ఏది నొక్కితే ఆర్‌పీఎం దిగిందో అక్కడ చూడండి. పెట్రోలో, క్లీనరో చల్లి లీకు వెతికేవాళ్ళున్నారు. వేడి సైలెన్సరు పక్కన ఆ పని నేను చేయను, మిమ్మల్నీ చేయమనను.

మ్యాప్ బండిలో పి0171 వస్తే యాప్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. అది ఈసీఎం తన లెక్క మీద ఎంత పెట్రోలు కలుపుతోందో, తగ్గిస్తోందో చెప్పే శాతం. పది అటూ ఇటూ ఉంటే మామూలు. ఐడిలింగ్‌లో బాగుండి, ఎత్తులో, స్పీడులో ప్లస్ 20కి పోతుంటే పెట్రోలు అందడం లేదు: ఫిల్టరు, పంపు, ఇంజెక్టర్లు. ఐడిలింగ్‌లోనే ఎక్కువ ఉంటే ఆక్సిజన్ సెన్సరుకు ముందు సైలెన్సరు పైపులో పగులుందేమో చూడండి. బయటి గాలి అందులోంచి దూరి సెన్సరును మోసం చేస్తుంది. చల్లటి ఇంజను స్టార్ట్ చేయగానే టిక్కు టిక్కుమని వినిపిస్తుంది.

బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తున్నప్పటి నుంచి పాత బండ్లలో ఈ ట్రిమ్ కొద్దిగా ప్లస్ వైపే ఉంటోంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే గాలికి ఎక్కువ ఇంధనం కావాలి. ప్లస్ ఐదో ఆరో చూసి ఇంజెక్టర్లు కడిగించకండి. పాత రబ్బరు పెట్రోలు గొట్టాలు మాత్రం వేలితో నొక్కి చూడండి. మెత్తబడినా, చెమ్మగిల్లినా వెంటనే మార్చండి.

కొండ దిగేటప్పుడు లైవ్ డేటా చూసి ఒక పిల్లవాడు ఆక్సిజన్ సెన్సరు చచ్చిపోయిందన్నాడు, సున్నా దగ్గరే ఉందని. రెండో గేరులో యాక్సిలరేటర్ వదిలి దిగుతుంటే ఈసీఎం పెట్రోలే ఆపేస్తుంది. సైలెన్సరులో ఉండేది ఉత్త గాలి, సెన్సరు సున్నా చూపించడమే న్యాయం. చదును రోడ్డు మీద వేడి ఇంజనుతో అది 0.1కీ 0.9 వోల్టులకీ మధ్య ఊగుతుందా లేదా చూడండి. అన్నట్టు, నడిపేవాళ్ళు ఫోను చూడకూడదు, పక్కనవాళ్ళు చూడాలి.

పి0420

క్యాట్‌కాన్ పని తగ్గిందని ఈ కోడు. వెనకాల రెండో ఆక్సిజన్ సెన్సరు ఉన్న బండికే వస్తుంది. వెనక సెన్సరు 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉంటే క్యాట్‌కాన్ బతికే ఉంది, సైలెన్సరు పైపులో లీకు వెతకండి. ముందుదానితో పాటు ఇదీ ఊగుతుంటే క్యాట్‌కాన్ అయిపోయింది. అయినా మిస్సింగ్, ఆయిలు తాగడం లాంటివి బాగుచేయకుండా కొత్తది వేయకండి, దాన్నీ అవే తినేస్తాయి.

బాగుచేసిన తర్వాత

తప్పు నిజంగా పోతే, చెరపకపోయినా వరసగా మూడు మంచి ప్రయాణాల తర్వాత లైటు దానంతటదే ఆరుతుంది. కోడు మాత్రం మరో 40 సార్లు ఇంజను చల్లారి వేడెక్కేదాకా లోపల ఉంటుంది. చెరిపి చూడాలంటే చెరపండి, కానీ ఆ వెంటనే "పోయింది" అనకండి. ఈసీఎం తన పరీక్షలన్నీ మళ్ళీ చేసుకోవాలి. యాప్‌లో రెడీనెస్ అని ఉంటుంది. పొద్దున్నే చల్లటి బండి తీసి, ఊళ్ళో కాసేపు, బెంగళూరు రోడ్డు మీదో వేలూరు రోడ్డు మీదో నిలకడగా కాసేపు నడిపితే చాలావరకు పూర్తవుతాయి. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడూ ఇదే చూడండి. కోడు ఒక్కటీ లేదు, పరీక్షలన్నీ మాత్రం పూర్తి కాలేదని ఉంటే, మీరు రాబోయే ముందే ఎవరో చెరిపినారన్నమాట, లేదా బ్యాటరీ తీగ విప్పినారు. ఎందుకని అడగండి.

పని అయ్యాక అడాప్టరు పీకి డాష్‌బోర్డు అరలో పడేయండి. తాళం తీసినా 16వ పిన్నుకు కరెంటు ఉంటుంది, అడాప్టరు దాన్ని తాగుతూనే ఉంటుంది. పాత బ్యాటరీ ఉన్న బండిని అట్లా వదిలి పెళ్ళికో తిరునాళ్ళకో ఊరెళ్ళి వస్తే సెల్ఫ్ తిరగదు.